మగ్గం గుంతలో అర్థశాస్త్రం

బి.కాం. రెండో సంవత్సరంలోకి వచ్చేసరికి నాకు అర్థశాస్త్రం మొత్తం వచ్చేసిందని గట్టిగా నమ్మాను. ఆ నమ్మకానికి కారణం మా లెక్చరర్ గారు. అనంతపురం కాలేజీలో ఆయన మాలాంటి వాళ్లను చాలామందిని చూసి విసిగిపోయి, ఇక చూడవలసిందేమీ లేదన్నట్టు తలెత్తకుండా నోట్సు చదివేవారు. ఆ కాగితాల అంచులు పొడి పొడిగా రాలుతుండేవి. ఆయన చదవడం, మేం రాసుకోవడం, పరీక్షలో దాన్నే తిరిగి ఆయనకు అప్పజెప్పడం. మధ్యలో దగ్గొచ్చి ఆయన ఆగితే మేమూ ఆగేవాళ్లం. ఆ దగ్గును కూడా రాసుకున్న బుద్ధిమంతులు మా క్లాసులో ఉన్నారని నాకు ఇప్పటికీ అనుమానమే.

మా నాయన రైల్వే ఉద్యోగి. గుంతకల్లు నుంచి ధర్మవరానికి బదిలీ అయ్యాక నేను పాసు మీద రోజూ రైల్లో అనంతపురం పోయి వచ్చేదాన్ని. క్వార్టర్సులో కొళాయి ఉంది, కరెంటు ఉంది, కాబట్టి ఊళ్లోవాళ్ల కంటే మేమొక మెట్టు పైన ఉన్నామని మా ఇంట్లో అందరికీ ఒక అభిప్రాయం ఉండేది. దానికి తోడు నాకు చదువు. సాయంత్రాలు క్వార్టర్సులోని ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం, వాణిజ్యశాస్త్రం ట్యూషన్ చెప్పేదాన్ని. పాసైతే నా గొప్పతనం, తప్పితే వాళ్ల బుర్ర. ఈ పద్ధతి కూడా మా లెక్చరర్ గారి దగ్గర నేర్చుకున్నదే.

ఒక ఆదివారం ఉదయం, క్వార్టర్సు వెనకున్న మగ్గాల వీధి నుంచి ఒక పెద్దామె వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. కొంగుకు పట్టు పోగులు అంటుకుని ఉన్నాయి. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ఎకనామిక్కు చెప్పేది నువ్వేనా పాపా?"

అవునన్నాను.

"ఇంతే ఉండావు. నువ్వేం చెప్తావు?"

క్లాసులో మొదటి మార్కు నాదేనని, నా దగ్గర చదివిన పిల్లలు ఫలానా ఫలానా అని, నా గొప్ప నేనే చెప్పుకోవలసి వచ్చింది. ఆమె ఓపిగ్గా విని, "సరేలే, ఉండేవాళ్లలో నువ్వే దిక్కు" అంది.

వచ్చిన పని ఇది. ఆమె కోడలు ఇంటర్‌లో అన్నీ పాసై అర్థశాస్త్రం ఒక్కటే తప్పింది. మళ్లీ రాసి మళ్లీ తప్పింది. కొడుకు బెంగళూరులో ఏదో షెడ్డులో పనికి పోయి పండగలకే వస్తాడు. ఇంట్లో ఉన్న ఒకే మగ్గం మీద కోడలు నేస్తుంది. చేనేత సొసైటీలో గుమాస్తా ఉద్యోగం ఖాళీగా ఉంది, ఇంటర్ పాసైన ఆడమనిషి కావాలట.

"ఈతూరి పాసయితే అది గుంతలో నుంచి లేస్తాది. లేకుంటే ఇట్లయితాది" అని చీర కొంచెం పైకి లాగి మోకాళ్లు చూపించింది. రెండూ వాచి నున్నగా ఉబ్బి ఉన్నాయి. మగ్గం గుంతలో కాళ్లు వేలాడదీసుకుని, తొక్కుడు చెక్కలు తొక్కుతూ పడుచుతనమంతా గడిపిన మనిషి. ఇప్పుడు కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి.

"ఒగ మాట ముందే చెప్తాండా. మగ్గం ఆగకూడదు. పట్టిచ్చిన షావుకారి చీర ఎక్కించుకోనుండాం. ఎంత నేసినామో చూసేకి ఆయప్ప రోజూ మనిషిని పంపిస్తాడు. అది నేస్తానే ఉంటాది, నువ్వు చెప్తానే ఉండు."

ఫీజు సంగతి ఎత్తబోయాను. "ఉగ్గాని పెడతా" అంది ఆమె, బేరం ముగిసినట్టు. నేను మొహం చిట్లించానే కానీ, ఆ వీధిలో పొద్దున్నే తిరగమోత వేసిన బొరుగుల వాసన, మిరపకాయ బజ్జీల వాసన మా క్వార్టర్సు దాకా వచ్చేవి. అర్థశాస్త్రం చదివిన మనిషిని కదా, లాభనష్టాలు బేరీజు వేసుకుని ఒప్పుకున్నాను.

ఆ కోడల్ని నేను వదినా అని పిలవడం మొదలుపెట్టాను, ఆ లెక్కన ముసలామె పెద్దమ్మ అయింది. వదిన నోట్లో నాలుక లేని మనిషి. చీకటి గదిలో నేలకు సమంగా కూర్చుని, కాళ్లు గుంతలో పెట్టుకుని, కుడిచేత్తో తాడు లాగితే పోగు మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తేది, ఎడమచేత్తో కొడితే పోగును బిగించే పలక దబ్‌మని పడేది. గుంత పక్కన పీట వేసుకుని నేను మా లెక్చరర్ గారి గొంతు తెచ్చుకుని మొదలుపెట్టాను. మగ్గం నా గొంతును లెక్కచేయలేదు. నేను అరిచాను. వదిన ప్రతి వాక్యానికీ "ఊ" అంది. పాఠం అయ్యాక, ఏమర్థమైందో చెప్పమన్నాను.

"నీ గొంతు పోతాందని అర్థమైంది పాపా" అంది.

మూల కూర్చుని రాట్నం మీద పోగు చుడుతున్న పెద్దమ్మ నవ్వలేదు. "నువ్వు చదివేది ఒగ దోవ, అది నేసేది ఒగ దోవ. పలక పడేతప్పుడు మాట ఇడువు. మధ్యలో ఎందుకు ఊపిరి పోగొట్టుకుంటావు?"

నాకు ఒళ్లు మండింది. అయినా పుస్తకం మళ్లీ తెరిచి, మాట మాటా విడగొట్టి చదివాను. కోరికలు, అన్నాను. వదిన కాలు తొక్కింది, నాడె పోయింది, పలక పడింది. అపరిమితం. మళ్లీ తొక్కింది. వనరులు. పలక. పరిమితం. పలక. జానెడు బట్ట నేసేలోపు అర్థశాస్త్ర నిర్వచనం ఒక్క మాట పొల్లుపోకుండా వదిన నోటి నుంచి బయటికొచ్చింది. నేను ఆశ్చర్యపోయాను. వదిన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

ఆ తర్వాత మాకు అడ్డులేకుండా పోయింది. చీర ఒంటిభాగం సాదాగా సాగేటప్పుడు నిర్వచనాలు, బుటాలు వచ్చేచోట సూత్రాలు, కొంగు నేసేటప్పుడు పెద్ద వ్యాసాలు పెట్టుకున్నాం. క్షీణోపాంత ప్రయోజన సూత్రం అనే మాట పలకడానికి మా క్లాసులో సగం మందికి నోరు తిరిగేది కాదు. వదిన దాన్ని మూడు దెబ్బల్లో పలికేది. నాకు కొమ్ములు మొలిచాయి. రైల్లో స్నేహితురాళ్ల ముందు, విద్యారంగంలో నేనొక కొత్త పద్ధతి కనిపెట్టానని చెప్పుకున్నాను. దాని పేరేమిటని ఒకామె అడిగితే, అప్పటికప్పుడు "క్రియాత్మక బోధన" అన్నాను. కనిపెట్టింది రాట్నం దగ్గరి ముసలామె అని చెప్పడం ఆ పేరుకు నప్పలేదు.

పెద్దమ్మ మాత్రం పాఠాలను ఊరికే పోనిచ్చేది కాదు. ఒకరోజు ఉచిత వస్తువుల పాఠం చదువుతున్నాను. గాలి, నీరు ప్రకృతిలో సమృద్ధిగా దొరుకుతాయి కాబట్టి అవి ఉచిత వస్తువులు, వాటికి ధర ఉండదు అని పుస్తకం. ఆ పూట పెద్దమ్మ బిందెల వరసలో నిలబడి, ఎవరితోనో జుట్లు పట్టుకునేదాకా పోయి, అర బిందె తెచ్చుకుని ఉంది.

"ఎవురు రాసినారు పాపా ఇది?"

"పెద్ద పెద్ద ప్రొఫెసర్లు, పెద్దమ్మా."

"వాండ్లను ఒగ నాడు బిందె ఇచ్చి ఈడికి పంపమను. నీళ్లు ఉచితమంట."

"పరీక్షలో ఇట్లనే రాయాల, పెద్దమ్మా. వేరేగా రాస్తే మార్కులు పోతాయి."

"రాయనీలే. అబద్ధానికి మార్కులిస్తాంటే వద్దంటానా?" అని రాట్నం తిప్పుకుంది.

ఇతర అంశాలు స్థిరంగా ఉన్నప్పుడు, అని డిమాండు సూత్రం మొదలవుతుంది. మా జిల్లాలో స్థిరంగా ఉన్న అంశం కరువొక్కటే. కూలి పాఠం వచ్చినప్పుడు, శ్రామికుడి కూలి అతని ఉత్పాదకతకు సమానంగా ఉంటుందని చదివాను. వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. షావుకారు చీరకు ఏమిస్తాడో, ఆ చీర బెంగళూరు అంగట్లో ఎంతకు పోతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "ఈ పుస్తకం షావుకారు సదవలేదేమో" అంది పెద్దమ్మ. నేను సిలబస్ దాటి మాట్లాడకూడదని గబగబా తర్వాతి పాఠానికి పోయాను.

వదిన చదువు పూర్తయింది. ఏ ప్రశ్న అడిగినా పలక దెబ్బకొక మాట చొప్పున జవాబు వచ్చేది. ఈ పరీక్ష నేను ఎప్పుడూ మగ్గం మీదే పెట్టాను. ఆమె మగ్గం మీద లేని వేళ అంటూ ఉంటే కదా.

ఆ వేళ అమావాస్య రూపంలో వచ్చింది. అమావాస్యనాడు నేతవాళ్లు మగ్గం ముట్టరు. షావుకారు కూడా ఆ రోజు మనిషిని పంపడు. మర్నాడే వదిన పరీక్ష. మగ్గానికి సెలవు దొరికింది, ఇంకేం, హాయిగా ఒకసారి అంతా తిరగేద్దామని నేను కాలేజీ ఎగ్గొట్టి వెళ్లాను. వదిన తలంటుకుని అరుగు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. డిమాండు సూత్రం చెప్పమన్నాను.

వదిన నా మొహం చూసింది. నోరు తెరిచింది. మూసింది.

కంగారుపడుతోందని తేలికది అడిగాను. అర్థశాస్త్రమంటే ఏమిటి? లేదు. ఉచిత వస్తువులు? లేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అర్థశాస్త్రం అనే మాటే వినలేదన్నట్టు కూర్చుంది. నేను మా లెక్చరర్ గారిలాగా, "ఇన్నాళ్లు చెప్పింది గాలికి పోయిందా?" అని అరిచాను. వదిన కళ్ల నుంచి నీళ్లు జారాయి.

"అంతా లోపలుండాది పాపా. వచ్చేకి దోవ దొరకడంల్యా."

లోపలి నుంచి పెద్దమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి, కోడలి మొహం చూడలేదు, కాళ్లు చూసింది. "కాళ్లు ఆడించు మే."

వదిన అరుగు మీద నుంచి వేలాడుతున్న కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి తొక్కింది. "ఇతర అంశాలు... స్థిరంగా... ఉన్నప్పుడు..." మాటలు వచ్చాయి, రెండు వాక్యాలు నడిచి ఆగాయి. చేతులు ఉత్త గాలిని పట్టుకుని నిలబడిపోయాయి. అప్పుడు నా క్రియాత్మక బోధన ఏమిటో నాకు అర్థమైంది. నేను పాఠాలు వదినకు చెప్పలేదు, మగ్గానికి చెప్పాను. రేపు పరీక్ష హాలుకు మగ్గాన్ని ఎత్తుకుపోవాలి.

"ఒక్కసారి మగ్గం మీద కూచోనీ పెద్దమ్మా" అన్నాను.

"అమావాస్య నాడా? మా అత్త ముట్టలేదు, నేను ముట్టలేదు."

"ఇది తప్పితే వదిన గతి?"

పెద్దమ్మ తన మోకాళ్లు తడుముకుంది. తర్వాత లోపలికి పోయి మగ్గం మీది నాడె తీసి, కళ్లకద్దుకుని, దేవుని గూట్లో పెట్టి తలుపు వేసింది.

"నాడె లేకుంటే అది మగ్గం గాదు, ఉత్త గుంత. గుంతలో కూచునేకి అమావాస్య అడ్డం రాదు. పా, కూచో."

ఇంత చక్కగా వాదించగల వాళ్లు మా కాలేజీలో ఒక్కరూ లేరు. వదిన గుంతలో దిగింది. చేతులతో, కాళ్లతో ఒకసారి అంతా అప్పజెప్పింది. తర్వాత చేతులు కట్టుకోమన్నాం. తడబడి, నిలబడి, మళ్లీ చెప్పింది. తర్వాత గుంతలో నుంచి లేపి అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్లు కొంచెమే ఆడించమన్నాం. తర్వాత మడమలు ఆనించి పాదాలు మాత్రమే. మగ్గాన్ని మొత్తంగా ఆమె కాలి బొటనవేలికి దించడమే ఆ రోజు మా సిలబస్. దీపాలు పెట్టేవేళకు బొటనవేలు ఆడితే డిమాండు సూత్రం వచ్చింది. వ్యాసాలకు మాత్రం పాదం కావలసి వచ్చింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు పరీక్ష జరిగే బడి గేటు దగ్గర గోడకు ఆనుకుని నేనూ పెద్దమ్మా నిలబడ్డాం. లోపల ఏం జరిగిందో వదిన తర్వాత చెప్పింది. ప్రశ్నపత్రం చూడగానే బొటనవేలు మొద్దుబారింది. పాదం ఆడించింది, చాలలేదు. భయంతో రెండు కాళ్లూ తొక్కింది. బెంచీల కింద కాళ్లు పెట్టుకునే చెక్క ఒకటి ఉంటుంది, అది ముందు బెంచీకి కలిసి ఉంటుంది. ముందు కూర్చున్న అమ్మాయి ఊగిపోతూ, సార్, నేను రాయలేకపోతాండా, అని లేచింది. కాపలా ఉన్న మాస్టరు వచ్చి వదిన కాళ్ల కింద వెతికాడు. చీర కుచ్చిళ్లు దులపమన్నాడు. చీటీ ఏదీ దొరకలేదు.

"కాళ్లతో ఎవరికి సైగ చేస్తాండావు?"

"సైగ కాదు సార్. నేస్తాండా."

"ఏందీ?"

"మగ్గం సార్. నేయకుంటే రాదు."

ఆయన ఏమనుకున్నాడో, పిచ్చిదనుకున్నాడో, పొగరనుకున్నాడో. గదిలో ఉంటే అందరినీ చెడగొడుతుందని కాగితాలతో సహా బయట వరండాలోకి పంపాడు. కుర్చీ ఇవ్వలేదు. అది శిక్ష అని ఆయన ఉద్దేశం.

ఆ బడి వరండా ఎత్తుగా ఉంటుంది. వదిన వచ్చి వరండా అంచున కూర్చుంది, కాళ్లు కిందికి వేలాడాయి. అట్ట ఒళ్లో పెట్టుకుంది. గుంతలో కూర్చున్నట్టే ఉంది. గేటు దగ్గర మేం చూస్తుండగానే కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు. చెయ్యి రాసుకుపోతోంది.

"ఒంటిభాగం నేస్తాండాది" అంది పెద్దమ్మ. అంటే చిన్న ప్రశ్నలు.

కాసేపటికి కాళ్లు నెమ్మదించాయి, ఒక్కొక్క తొక్కుడుకూ మధ్య ఎడం పెరిగింది. "కొంగులో పడింది." అంటే వ్యాసం. ఒకచోట కాళ్లు పూర్తిగా ఆగిపోయాయి. పెద్దమ్మ నా భుజం పట్టుకుంది. "పోగు తెగింది." వదిన ఆకాశం వైపు చూసింది, మా వైపు చూడలేదు. కాసేపటికి ఎడమకాలు కదిలింది. "అతుక్కుండాది" అని పెద్దమ్మ నా భుజం వదిలింది. ఆ వేళ్ల నొప్పి చాలాసేపు ఉంది. తెరిచిన తలుపులోంచి చూస్తే, గదిలో కుర్చీ మీద కూర్చున్న మాస్టరు నిద్రపోతున్నాడు.

వదిన పాసైంది. నేను రైలంతా చాటాను. మా లెక్చరర్ గారికి కూడా చెప్పాను, ఆయన తలెత్తకుండా "మంచిది" అన్నారు. సొసైటీలో ఉద్యోగం కూడా వచ్చింది. ఆడమనిషి, ఇంటర్, మగ్గం పని తెలిసినది, ఇన్ని ఉన్న మనిషి వాళ్లకు ఇంకొకరు దొరకలేదు. నా ఘనత ఇంతటిదని తేలిపోయాక, ఉగ్గాని తిని పొగడ్తలు కూడా అందుకుందామని, వదిన ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే మగ్గాల వీధికి పోయాను.

వీధి మొదట్లోనే ఆ ఇంటి మగ్గం చప్పుడు వినిపించింది. వదిన ఇంకా పోలేదా అనుకున్నాను. లోపలికి పోతే గుంతలో పెద్దమ్మ ఉంది.

"ఆడ మూత పెట్టినా, తిను" అంది, ఆగకుండా.

"నువ్వెందుకు కూచున్నావు పెద్దమ్మా? ఆ మోకాళ్లతో?"

"షావుకారి చీర సగంలో ఉండాది గదా. మగ్గం ఆగకూడదు."

ఆమె గుంతలోకి ఎట్లా దిగిందో, సాయంత్రం ఎవరు లేపుతారో నేను అడగలేకపోయాను. వదిన లేస్తుందని అందరం సంబరపడ్డాం. ఖాళీ అయిన గుంత సంగతి మాలో ఎవరూ, అర్థశాస్త్రంలో మొదటి మార్కు తెచ్చుకున్న నాతో సహా, ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆమె మాత్రం మా గుమ్మంలో నిలబడి మోకాళ్లు చూపించిన రోజే అనుకుని ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది, ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఉగ్గాని మీద మూత మళ్లీ పెట్టేశాను.

"తిని సదువు" అంది పెద్దమ్మ.

"పరీక్ష అయిపోయింది కదా. ఎవరికి చదవాల?"

"నాకే. ఇన్నాళ్లు నీ సదువు మీద ఈ మగ్గం నడిచింది. ఉత్తగా తొక్కాలంటే మోకాళ్లు గుర్తొస్తాండాయి."

పీట లాక్కుని కూర్చున్నాను. ఏ పాఠం కావాలని అడిగాను.

"ఏదో ఒగటి. కూలిది మాత్రం వద్దు."

పుస్తకం తెరవనక్కరలేకపోయింది. "కోరికలు" అన్నాను. నాడె పోయింది. పెద్దమ్మ పళ్లు బిగించి ఎడమకాలు తొక్కి, పలక కొట్టి, "అపరిమితం" అంది.